స్లాబు కింద నలభై మూడు డిగ్రీలు

  

నేను ఇక్కడ చదువుడే ఎక్కువ, రాసుడు తక్కువ. కానీ మా హాస్టల్లో కొత్తగా వచ్చిన చెల్లెళ్ళు ముగ్గురు నలుగురు "అక్కా, నువ్వు పోయిన ఎండాకాలం హాట్ యోగా చేసినవట గదా, మాకు గూడ నేర్పు, సన్నగ అయితమట" అని నెల రోజుల నుంచి వెంట పడుతున్నరు. ఒక్కొక్కరికి చెప్పేకన్నా ఒక్కసారి మొత్తం రాసి పెడితే మంచిదనిపించింది. పెద్దగ ఉంటది. అన్నం తిన్నంక చదవండి.

మాది వీర్నపల్లి మండలంలో ఒక తండా. సిరిసిల్ల పోయి, వేములవాడ మీదుగా జగిత్యాలకు రావాలె. ఇక్కడ డిగ్రీ ఫైనలియర్, బీజెడ్‌సీ. మా ఇంట్ల కాలేజీ గేటు దాటిన మొదటి మనిషిని నేనే. బాపు ఏడో తరగతి దాక చదివిండు, యాడిది వేలిముద్ర. బాపు దుబాయిల బిల్డింగు పనికి పోయి ఆరేండ్లు దాటింది, నడుమ రెండు సార్లు వచ్చి పోయిండు. యాడి ఎండాకాలం తునికాకు తెంపుతది, మిగతా రోజులు ఉపాధి హామీ, ఇంత పత్తి చేను. ఇదంతా ఎందుకంటే, యోగా సంగతిల వీళ్ళిద్దరు వస్తరు.

ఫస్టియర్ల నాకు రెండు బాధలుండె. ఒకటి నడుం నొప్పి. మా రూంల టేబుల్లు లేవు, ట్రంకు పెట్టె మీద బుక్కు పెట్టి గంటలు గంటలు వంగి చదువుడు. రెండోది పరీక్ష భయం. ఇంటర్ దాక తెలుగు మీడియం చదివి డిగ్రీల ఇంగ్లీషుల పడ్డ. ప్రశ్నపత్రం చేతికి రాంగనే వేళ్ళు చల్లబడుతయి, కడుపుల తిప్పుతది, వచ్చిన ఆన్సరు గూడ గుర్తుకు రాదు. రాత్రి నిద్ర రాదు. ఎవరికి చెప్పాలె? ఇంటికి చెప్తే "చదువు కష్టమైతే వచ్చెయ్" అంటరేమో అని భయం.

జూన్ 21 యోగా దినం నాడు కాలేజీల అందరిని గ్రౌండుల కూసోబెట్టి పీడీ మేడం పన్నెండు ఆసనాలు చేయించింది. ఫొటోలు దిగినంక అందరు మర్చిపోయిండ్రు. నాకు ఆ రాత్రి చాన రోజులకు పండుకోంగనే నిద్ర వచ్చింది. అందుకే పట్టుకున్న. తాడాసనం, త్రికోణాసనం, భుజంగాసనం, శలభాసనం, పవనముక్తాసనం, చివరికి శవాసనం. మా రూమ్మేట్ ఫోనుల వీడియో పెట్టుకుని ఇద్దరం చేసేటోళ్ళం. ఆమె గోండు పిల్ల, ఇంద్రవెల్లి దిక్కు. యోగా మ్యాటు కొనే పైసలు లేవు. ఎలక్షన్లప్పటి ఫ్లెక్సీ ఒకటి దొరికితే, లీడరు ముఖం నేల దిక్కు తిప్పి దాని మీద చేసినం.

మీరు నమ్మరు గనీ, అన్నిటికన్నా కష్టమైంది శవాసనం. పగటి పూట ఊకె పండుకునుడు మా ఇంట్ల తప్పు. మా తండాల ఆడపిల్ల పగలు పండుకున్నదంటే జరమన్న రావాలె, బద్ధకమన్న అయి ఉండాలె. నా ఒళ్ళు పనికోసమే ఉన్నదని చిన్నప్పటి నుంచి నాకు తెలుసు. నీళ్ళు మోసే ఒళ్ళు, పత్తి ఏరే ఒళ్ళు. ఏ పని చెయ్యకుండ ఐదు నిమిషాలు కండ్లు మూసుకుని ఆ ఒంటిని చూసుకునుడు మొదట్ల దొంగతనం లెక్క అనిపించింది. నెలకు అలవాటైంది. నడుం నొప్పి రెండు నెలలకు పోయింది. పరీక్ష హాల్ల పేపరు ఇచ్చే ముందు శ్వాస నాలుగు లెక్కపెట్టి తీసుకుని, ఎనిమిది లెక్కపెట్టి ఇడిచిపెట్టుడు నేర్చుకున్న. భయం ఇప్పటికీ వస్తది. కానీ వచ్చి, కూసోని, పోతది.

ఇక వేడి సంగతి.

జగిత్యాల ఎండ గురించి ఈ దిక్కోళ్ళకు చెప్పే పని లేదు. ఎండాకాలం పేపర్ల రాష్ట్రంల ఎక్కువ వేడి ఉన్న ఊర్ల లిస్టు వేస్తే అందుల మన ధర్మపురి, వెల్గటూర్ దిక్కు పేర్లు ఊకె కనబడుతయి. 45 డిగ్రీలు దాటుడు మనకు కొత్త కాదు. అయితే పేపర్ల వేసే లెక్క నీడల, గాలి ఆడే చెక్క పెట్టెల పెట్టిన థర్మామీటర్‌ది. మా రూం పై అంతస్తుల ఉంటది, పైన స్లాబు తప్ప ఏం లేదు. ఎనిమిది మందిమి, రెండు ఫ్యాన్లు. అందుల ఒకటి తిరుగుతుంటే రెక్కలు లెక్కపెట్టొచ్చు. పోయిన సంవత్సరం సెమిస్టర్ పరీక్షలకని మేల హాస్టల్లనే ఉన్నం. ల్యాబుల అడిగి థర్మామీటర్ తెచ్చి గోడకు వేలాడదీస్తే పగలు మూడు గంటలకు 43 చూపించింది. సాయంత్రం ఏడింటికి బయట చల్లబడ్డా రూంల 39. స్లాబు పగలంతా ఎండను తాగి రాత్రంతా మా మీద కక్కుతది.

పొద్దుగాల చదువుకు టైం చాలక యోగాను పగటికి మార్చిన. అప్పుడు ఒకటి గమనించిన. వేడిల ఒళ్ళు రబ్బరు లెక్క వంగుతది. పాదహస్తాసనంల ఎన్నడు అందని నేల అరచేతులకు అందింది. మస్తు సంబరమైంది. ఫోనుల వెతికితే "హాట్ యోగా" అని వచ్చింది. అమెరికాల, లండన్ల హీటర్లు పెట్టి గది కాగబెట్టుకుని, పైసలు కట్టి చేస్తరట! ఇద్దరం నవ్వి నవ్వి సచ్చినం. మా స్లాబు చూస్తే వాళ్ళు టికెట్టు పెట్టి లోపలికి పంపుతరు అనుకున్నం.

ఈ పద్ధతిని పాపులర్ చేసింది కలకత్తా మనిషి, బిక్రమ్ చౌధురి. 1970లల్ల అమెరికా పోయి మొదలుపెట్టిండు. 26 భంగిమలు, అందుల రెండు శ్వాస వ్యాయామాలు, మొత్తం 90 నిమిషాలు, గది వేడి 40 డిగ్రీల పైచిలుకు, గాలిల తేమ 40 శాతం. ఆ 26 భంగిమల వరుస నాదే, నా పర్మిషన్ లేకుండ ఎవ్వరు నేర్పొద్దని కేసులు గూడ వేసిండు. 2015ల అమెరికా అప్పీలు కోర్టు, ఆసనాల వరుసకు కాపీరైటు ఉండదని తేల్చి చెప్పింది. మా తాత చేసిన పోడు భూమికి పట్టా కోసం మేము కాగితాలు పట్టుకుని ఏండ్లు తిరిగినం, ఈయన ఏకంగా ఆసనాలకే పట్టా అడిగిండు.

ఆయన గురించి చెల్లెళ్ళకు ఇంకొక ముచ్చట. 2016ల లాస్ ఏంజెలిస్ కోర్టుల, ఆయన దగ్గర పనిచేసిన లాయరమ్మ లైంగిక వేధింపుల కేసు గెలిచింది. సుమారు 70 లక్షల డాలర్లు కట్టమన్నరు. ఆయన దేశం ఇడిచిపోయిండు, 2017ల అరెస్టు వారెంటు వచ్చింది. ఆసనం మంచిదే కావచ్చు, నేర్పేటోడు మంచోడే అని నమ్మి పోవద్దు.

ఇవన్నీ నేను తర్వాత చదివినవి. అప్పుడు నాకు తెలిసింది 26, 90 అనే రెండు అంకెలే.

మే మూడో వారం. జువాలజీ పేపరు అయిపోయింది, తర్వాతి దానికి నాలుగు రోజులు గ్యాపు. మా రూమ్మేట్ బట్టలు పిండటానికి కిందికి పోయింది. నేను కిటికీలు పెట్టిన, తలుపు దగ్గరికేసిన, ఫ్యాను బంద్ చేసిన. వీడియోల వాళ్ళు చేసినట్టే చెయ్యాలని. పొద్దుగాల ఉప్మా తప్ప ఏం తినలేదు. పైగా నెలసరి రెండో రోజు. అర్ధచంద్రాసనం, ఉత్కటాసనం, గరుడాసనం వరకు మంచిగనే ఉంది. చెమటకు ఫ్లెక్సీ జారుతుంటే పక్కకు తీసి నేల మీదనే చేసిన. గంట దాటినంక చెవుల గుయ్యిమని మోత. ఆగాలె కదా? ఆగలే. ఇంకా ఆరే ఉన్నయి, పూర్తి చేస్తే నేను గూడ 26 చేసినట్టే అని లెక్క. ఉష్ట్రాసనంల మోకాళ్ళ మీద నిలబడి తల ఎనక్కి వంచిన. అంతే యాదికుంది.

తెలివి వచ్చేసరికి కింద బట్టలు పిండే బండ మీద ఉన్న. మా గోండు పిల్ల నన్ను మెట్ల మీది నుంచి ఎట్ల దింపిందో ఇప్పటికీ చెప్పదు, "నువ్వు బర్రెవు" అని మాత్రం అంటది. ఒంటి మీద బకెట్ల కొద్ది నీళ్ళు. వంట అక్క నా మెడ కింద, చంకలల్ల తడి గుడ్డలు పెడుతున్నది, పెడుతూ తిడుతున్నది. రెండు సార్లు కక్కిన. తర్వాత కొంచెం కొంచెంగ ఉప్పు చక్కెర నీళ్ళు తాపిచ్చింది. సాయంత్రానికి లేచిన గనీ రెండు రోజులు తల బరువుగ ఉండె. తర్వాతి పేపరు అంతంత మాత్రమే రాసిన.

ఆ రాత్రి యాడి ఫోను చేసింది. "గొంతు అట్లున్నదేందే?" అంటే "పడిశం పట్టింది" అని చెప్పిన. ఇప్పటికీ చెప్పలే. యాడికి చదువు రాదు గనుక ధైర్యంగ ఇక్కడ రాస్తున్న. మా తండా అన్నలు ఎవరన్న ఇది చదివితే దయచేసి ఇంటి కాడ చెప్పకండి.

బాపుకు మాత్రం చెప్పిన. శుక్రవారం ఆయనకు సెలవు, వీడియో కాల్ చేసిండు. ఎందుకు చెప్పిన్నో తెల్వదు. దూరముంటడు, తిట్టినా దూరం నుంచే తిడుతడు అనుకున్ననేమో. తిట్టలే. కొద్దిసేపు ఊకున్నడు. తర్వాత మా గోర్ బోలిల అన్నడు, నేను తెలుగుల రాస్తున్న: "నేను గూడ పడ్డ బేటీ. రెండోసారి ఇంటికి వచ్చి పోయినంక. మూడో రోజే."

ఆరేండ్లల్ల బాపు తన పని గురించి నాకు చెప్పిన మొదటి ముచ్చట అది. పైసలు పంపిన, అందినయా, చదువు ఎట్లున్నది — ఇవే మా మాటలు. ఆ రోజు గంట మాట్లాడిండు. రెండు నెలలు ఇంటి కాడ నీడల ఉన్న ఒళ్ళు ఎండను మర్చిపోతదట. మళ్ళ అలవాటు కావాల్నంటే వారం పది రోజులు పడతది. మొదటి రోజు కొంచెం పని, తర్వాత కొంచెం ఎక్కువ, అట్ల పెంచుకుంట పోవాలె. కొత్తగ వచ్చినోడు జోరు చూపిస్తే పాతోళ్ళు తిడుతరట. (తర్వాత మా ఫిజియాలజీ పుస్తకంల చూసిన. ఒళ్ళు వేడికి అలవాటు పడితే చెమట తొందరగ మొదలైతది, చెమటల ఉప్పు తక్కువ పోతది అని ఉంది. బాపు అన్నదే.) అక్కడ జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాక పగలు 12:30 నుంచి 3 దాక బయట ఎండల పని చేయించొద్దని రూలు ఉంది. బాపు పడ్డది మే నెలల. "ఎండకు తేదీ తెల్వదు గదా" అని నవ్విండు.

ఇంకో మాట చెప్పిండు, అది నాకు బాగ పట్టుకుంది. వాళ్ళు ఇద్దరిద్దరు జోడీగ పనిచేస్తరట. పక్కోడు చెమట కారుస్తుంటే భయం లేదు. ముచ్చట చెప్పేటోడు ముచ్చట బంద్ చేస్తేనే భయం. వెంటనే వాణ్ణి నీడకు గుంజుకుపోతరు.

"యాడికి చెప్పినవా?" అని అడిగిన.

"నువ్వు చెప్పినవా?" అన్నడు.

పరీక్షలు అయిపోయినంక ఇంటికి పోయిన. తునికాకు ఆఖరి రోజులు. యాడితోని రెండు రోజులు గుట్టకు పోయిన. ఆకు నేను చిన్నప్పుడు గూడ తెంపిన, కానీ ఈసారి ఆకును కాదు, యాడిని చూసిన. తెల్లారగట్ల నాలుగింటికి లేస్తది. కొంగు తడిపి తలకు చుట్టుకుంటది. సీసాల జొన్న అంబలి, అందుల ఉప్పు, నడుముకు ఒక ఉల్లిగడ్డ. ఎన్నడు ఉరకదు. నేను గబగబ తెంపి చెట్టు కింద కూలబడితే, ఆమె ఒక్క తీరుగ తెంపుకుంట నన్ను దాటిపోయింది. పదిన్నరకు ఎంత మంచి ఆకు కనబడ్డా ఇడిచిపెట్టి దిగుతది. మిగతా పని ఇంటి కాడ నీడల. యాభై ఆకులు పెట్టి కట్ట కట్టుడు, కల్లానికి తీసుకుపోవుడు. చెట్ల మధ్యల నేను కనబడకపోతే పిలుస్తది, పలికేదాక పిలుస్తది. బాపు చెప్పిన జోడీ ముచ్చటే ఇది. వీళ్ళిద్దరు ఎప్పుడన్న మాట్లాడుకున్నరా అంటే, లేదు.

కట్టలు కడుతుంటే యోగా గురించి చెప్పిన, పడ్డ సంగతి తప్ప. వేడి గదిల చెమట పట్టడానికి పైసలు కడతరని చెప్తే చేతుల ఆకు పట్టుకుని అట్లనే చూసింది. "చెమట పడితే మాకు కట్టకింత అని ఇస్తరు, వాళ్ళే ఎదురిస్తరా?" అన్నది. మళ్ళ ఆమెకే నవ్వొచ్చింది. రాత్రి మంచంల పండుకున్నంక "ఆ సచ్చిపోయినట్టు పండుకునేది ఎట్లనే?" అని మెల్లగ అడిగింది. చూపించిన. రెండు నిమిషాలు గాకముందే గుర్రు.

సరే, చెల్లెళ్ళు అడిగిన దానికి వస్త. సన్నగ అయితమా? కొలరాడో స్టేట్ యూనివర్సిటీ వాళ్ళు కొలిచి చూస్తే 90 నిమిషాల బిక్రమ్ క్లాసుల ఆడవాళ్ళకు సగటున 330 కేలరీలు ఖర్చయినయి. గంటన్నర జోరుగ నడిస్తే అయ్యేటంత. లీటరు చెమట పోతే తక్కెడ కిలో తక్కువ చూపిస్తది, అది నీళ్ళు తాగంగనే మళ్ళ వస్తది. వేడితోని గుండెకు ఎక్కువ మేలా? 2018ల వచ్చిన ఒక అమెరికా పరిశోధనల అవే 26 భంగిమలు ఒక గుంపుకు 40 డిగ్రీల గదిల, ఇంకో గుంపుకు 23 డిగ్రీల గదిల పన్నెండు వారాలు చేయించిండ్రు. రక్తనాళాలకు జరిగిన మేలు రెండు గుంపులకు ఒక్కతీరుగనే ఉన్నది. హఠయోగ ప్రదీపిక అనే పాత పుస్తకంల అయితే సాధన మొదలుపెట్టినప్పుడు నిప్పు దగ్గర ఉండొద్దనే రాసి ఉంది. వేడిల ఎక్కువ వంగుతమన్నది నిజమే. కానీ వేడిల నొప్పి ఆలస్యంగ తెలుస్తది. నా తొడ ఎనక నరం గుంజుకుని ఇరవై రోజులు కుంటిన, ఆ సంబరం ఫలితం అది.

మన ఎండకు ఇంకో మోసం ఉంది. ఇక్కడి గాలి పొడి గాలి. చెమట పట్టంగనే ఆరిపోతది, అందుకే ఎంత పోయిందో మనకు తెల్వదు. డ్రెస్సు మీద తెల్ల చారలు వస్తయి చూడండి, అది ఉప్పు. గాలి మన ఒంటి కన్నా వేడిగ ఉన్నప్పుడు మనల్ని చల్లబరిచేది ఆ చెమట ఆరుడు ఒక్కటే. గది మూసి, ఫ్యాను బంద్ చేస్తే అది గూడ ఆగిపోతది. నేను చేసింది సరిగ్గ అదే. ఉత్త నీళ్ళు బిందెలు తాగినా లాభం లేదు, ఉప్పు గూడ పోతది గదా. లీటరు నీళ్ళల్ల ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, చిన్న చెంచాతోని, తల కొట్టి కొలవాలె. లేకుంటే ఉప్పేసిన మజ్జిగ, అంబలి. మనిషి తిక్కతిక్కగ మాట్లాడినా, పిలిస్తే పలకకపోయినా నోట్లె నీళ్ళు పోయొద్దు. నీడకు గుంజి, తడిపి, 108కి ఫోను చెయ్యాలె.

నాకు ఇప్పటికీ పడని కష్టం ఒకటే ఉంది, అది నీళ్ళ బకెట్టు. ఎండాకాలం మా హాస్టల్లో మనిషికి ఒక్క బకెట్టు. యోగా చేసి చెమట పడితే రెండోసారి పోసుకోవాలె, బట్టలు రెండోసారి పిండాలె. మొదట్ల పెద్ద లొల్లి అయింది. "నీ యోగాకు మా నీళ్ళా?" అని ఒక అక్క మొహం మీదనే అడిగింది, అడగడంల తప్పు లేదు. అందుకే ఇప్పుడు స్నానానికి ముందే చేస్త. ఒక్క బకెట్టుల అయిపోతది.

పొద్దుగాల ఐదింటికి, డాబా మీద, నీళ్ళ ట్యాంకు పక్కన. ఆ టైముల స్లాబు గూడ కొంచెం ఊపిరి పీల్చుకుని ఉంటది. పది ఆసనాలు, ఇరవై ఐదు నిమిషాలు. ఇద్దరమన్న ఉండాలె. లెక్క బయటికి, గట్టిగ పెట్టాలె, గొంతు ఆగినోళ్ళు కూసోవాలె. నెలసరి మొదటి రెండు రోజులు నేను శ్వాస, శవాసనం తప్ప ఏం చెయ్య. కొత్తోళ్ళకు మొదటి వారం ఐదు ఆసనాలే.

ఈసారి మేల బాపు సెలవు మీద వస్తున్నడు. వచ్చినంక తిరిగి పోయే ముందు పది రోజులు నాతోని రోజు ఎండల కొంచెం నడుస్తనని మాటిచ్చిండు. చూడాలె.

చెల్లెళ్ళూ, రేపటి నుంచి వచ్చేటోళ్ళు బొంత తెచ్చుకోండి. ఫ్లెక్సీ వద్దు, జారుతది.